పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది

పిల్లలను కొత్తగా ప్రైవేటుకు తీసుకొచ్చే తల్లిదండ్రులు మొదటి రోజు దాదాపు ఒకే మాట చెబుతారు. "తెలివైనవాడే టీచర్, కానీ చదువు మీద శ్రద్ధ లేదు. మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పి దారిలో పెట్టండి." పిల్లవాడు పక్కనే తల వంచుకుని నిలబడి ఉంటాడు. ఆ మాట అతను అప్పటికే ఎన్నోసార్లు విన్నాడని ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. పదిహేడేళ్లుగా లెక్కలు చెబుతున్న నాకు ఆ తల్లిదండ్రుల ఆందోళన అర్థమవుతుంది. అయితే వారు అనుకునే క్రమం తలకిందులుగా ఉందని కూడా అంతే గట్టిగా అనిపిస్తుంది. ముందు శ్రద్ధ పుడితే దాని వెనక చదువు వస్తుందని వారి నమ్మకం. నేను చూసినంతలో, ఒక లెక్కను మొదటి నుంచి చివరి వరకు తన చేత్తో తానే చేసిన పిల్లవాడికే రెండో లెక్క మీద శ్రద్ధ కలుగుతుంది. ఆ మొదటి లెక్క ఎప్పుడూ అతనిది కాకపోతే, ఎన్ని మంచి మాటలు చెప్పినా అవి చెవిన పడి పోతాయి.

అందుకే పిల్లలను ఉత్సాహపరచడం, పాఠం చెప్పడం అనేవి రెండు వేరు వేరు పనులని నేను అనుకోను. పాఠం చెప్పే తీరులోనే ఉత్సాహం ఉంటుంది, లేదా ఉండదు. పాఠం ఎవరు చేస్తున్నారన్నదే అసలు విషయం. గంటసేపు కూర్చున్న తర్వాత కాగితం మీద ఎవరి రాత ఎక్కువ ఉందో చూస్తే, ఆ గంట ఎవరి చదువుకు ఉపయోగపడిందో చెప్పేయవచ్చు.

ఇది నాకు మొదటి నుంచి తెలిసిన విషయం కాదు. ప్రైవేట్లు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను బాగా చెబుతానని పేరు తెచ్చుకున్నాను. లెక్కను మెట్లు మెట్లుగా విడదీసి, ఒక్కో మెట్టుకూ కారణం చెప్పి, చక్కని అక్షరాలతో రాసి చూపించేదాన్ని. ఎదురుగా కూర్చున్న పిల్లలు తల ఊపేవారు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది టీచర్" అనేవారు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి ఏడాదంతా అలాగే చెప్పాను. పరీక్ష రాసి వచ్చిన రోజు ఆ అమ్మాయి ప్రశ్నపత్రం నా ముందు పెట్టి ఏడ్చింది. అందులోని లెక్కల్లో సగానికి పైగా మేము చేసినవే, అంకెలు మాత్రమే మారాయి. "మీరు చేస్తుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి టీచర్, నేను కూర్చుంటే మొదటి లైను కూడా రాదు" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి నాతో అబద్ధం చెప్పలేదు. నేను రాస్తున్న ప్రతి లైనూ ఆమెకు నిజంగానే అర్థమైంది. కానీ ఎవరో రాసిన లైను సరైనదని గుర్తుపట్టడం వేరు, ఖాళీ కాగితం మీద ఆ లైనును పుట్టించడం వేరు. ఆ ఏడాదంతా మొదటి పని ఆమె చేసింది, రెండో పని నేను చేశాను. పరీక్షలో అడిగింది రెండోది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక్కొక్కరికీ విడిగా పాఠం చెప్పడం మీద జరిగిన పరిశోధనలను చదవడం మొదలుపెట్టాను. వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది మిషెలిన్ చీ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనం. ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ వ్యవస్థ గురించి ఒక్కొక్కరికీ ఒక్కో ట్యూటర్ చేత పాఠం చెప్పించారు. మొదటి విడతలో ట్యూటర్లు మామూలుగా, తమకు తోచినట్లు వివరించారు. రెండో విడతలో ట్యూటర్లు వివరించకూడదని, తప్పొప్పులు కూడా చెప్పకూడదని, "ఇంకాస్త చెప్పు", "ఎందుకలా అనుకుంటున్నావు" వంటి మాటలతో పిల్లల చేతనే మాట్లాడించాలని నియమం పెట్టారు. రెండు విడతల్లోనూ పిల్లలు దాదాపు సమానంగా నేర్చుకున్నారు. నేను గర్వంగా చేస్తూ వచ్చిన పనిని, అంటే అందంగా వివరించడాన్ని, పూర్తిగా తీసేసినా పిల్లలకు నష్టం జరగలేదన్న మాట! మొదట బాధ కలిగింది. తర్వాత నాకు పెద్ద ఊరట కలిగింది, ఎందుకంటే ఆ అమ్మాయి విషయంలో ఏం జరిగిందో అప్పుడు స్పష్టంగా కనిపించింది.

ఒక్కరికి ఒక్కరు చెప్పే చదువుకు అపారమైన బలం ఉందని అందరూ అంటారు. 1984లో బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసం ఆ నమ్మకానికి పునాది. విడిగా పాఠం చెప్పించుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలో చదివే వందమందిలో 98 మందిని దాటిపోతాడని ఆయన లెక్క. తర్వాతి పరిశోధకులు అంత పెద్ద ఫలితాన్ని చూడలేదు. కర్ట్ వాన్‌లీన్ 2011లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బ్లూమ్ లెక్కలో రెండు ప్రామాణిక విచలనాలున్న (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ఆ తేడా 0.79 దగ్గర ఆగింది. అది కూడా చిన్నది కాదు. నా ఆసక్తి ఆ అంకె మీద కంటే దాని కారణం మీద ఉంది. తరగతిలో నలభైమంది ఉంటే ఒక పిల్లవాడు ఏమీ చేయకుండా గంటసేపు గడిపేయవచ్చు. ఎదురుగా ఒక్కడే ఉన్నప్పుడు అలా కుదరదు. అతని ప్రతి తప్పూ పుట్టిన క్షణంలోనే పక్కనున్న మనిషికి కనిపిస్తుంది. ఆ ఒక్క అవకాశాన్ని ఉపయోగించుకోకుండా తరగతిలో చెప్పిన పాఠాన్నే మళ్లీ ఒక్కరికి చెప్పే ట్యూటర్, ఉన్న బలాన్నంతా వృథా చేసుకుంటున్నట్టే.

ఒక పాఠాన్ని దగ్గరగా చూపిస్తే నేను చెప్పదలచుకున్నది తేలికగా తెలుస్తుంది. ఒక అబ్బాయి 1/2 కి 1/3 కలిపి 2/5 అని రాశాడు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేశాడు. పాత అలవాటు ప్రకారమైతే నేను వెంటనే "హారాలు వేరుగా ఉన్నప్పుడు అలా కలపకూడదు, క.సా.గు. తీసుకోవాలి" అని చెప్పి, 6 అని రాసి, 5/6 వచ్చే దాకా తీసుకెళ్లేదాన్ని. అతను తల ఊపేవాడు. మర్నాడు మళ్లీ 2/5 రాసేవాడు, ఎందుకంటే అతని మనసులో ఉన్న పద్ధతి చెక్కుచెదరకుండా అలాగే ఉండేది, దాని పక్కన నా పద్ధతి ఒకటి వచ్చి చేరేది, అంతే. ఈసారి నేను తప్పని చెప్పలేదు. "2/5 పెద్దదా, 1/2 పెద్దదా?" అని మాత్రం అడిగాను.

అతను కాసేపు చూశాడు. ఒక పొడవాటి గీత గీసి, దాన్ని పది భాగాలు చేశాడు. సగం అంటే ఐదు భాగాలు. 2/5 అంటే నాలుగు భాగాలు. "సగమే పెద్దది" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పెన్సిల్ మొనను కాగితం మీద ఉంచి అలాగే కూర్చున్నాడు. నాకు నోటి చివరిదాకా మాట వచ్చింది, ఆపుకున్నాను. ఆ నిశ్శబ్దం అర నిమిషం ఉండి ఉంటుంది, నాకు మాత్రం చాలా పొడవుగా అనిపించింది. తర్వాత అతను తన సమాధానాన్ని, ప్రశ్నను మార్చి మార్చి చూసి, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను అడిగినది కాదు, తనను తాను అడుక్కున్నది. అలా అడుక్కున్న పిల్లవాడికి క.సా.గు. ఎందుకు కావాలో చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల మాటలు ఒంటబట్టాయి, ఎందుకంటే అవి అతని ప్రశ్నకు జవాబుగా వచ్చాయి. ముందే చెప్పి ఉంటే అవి నా నియమాల్లో ఇంకొకటిగా మిగిలేవి.

ఆ రోజు వెళ్లేటప్పుడు అతను ఎవరూ చెప్పకుండానే ఇంకో నాలుగు భిన్నాల లెక్కలు రాసుకుని వెళ్లాడు. శ్రద్ధ లేదని వాళ్ల నాన్న చెప్పిన అబ్బాయి అతనే.

ఆ నిశ్శబ్దం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా వృత్తిలో అన్నిటికంటే కష్టమైన విద్య అదే. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో రికార్డు చేసిన మాటలను విని, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లు, ఆపైకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి, పిల్లలు తామే ప్రశ్నలు వేయడం పెరిగింది. మూడు సెకన్లు అంటే వినడానికి ఏమంత కాదు. ఎదురుగా ఒక పిల్లవాడు తడబడుతూ ఉండగా మూడు సెకన్లు ఆగి చూస్తే తెలుస్తుంది. మనం నోరు తెరిచేది చాలాసార్లు పిల్లవాడి కోసం కాదు, మన అసౌకర్యాన్ని తగ్గించుకోవడం కోసం. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పైగా, మనం త్వరగా అందుకున్న ప్రతిసారీ పిల్లవాడికి ఒక మాట అందుతుంది, నీ వల్ల కాదులే అని. ఆ మాట మనం పైకి అనకపోయినా అతను వింటాడు.

అలాగని ఏమీ చెప్పకుండా కూర్చోవడమే బోధన అని నేను అనడం లేదు. ఈ విషయంలో కొందరు ఉత్సాహవంతులు హద్దు దాటిపోతుంటారు. ఏమీ తెలియని పిల్లవాడిని కొత్త విషయం ముందు వదిలేసి "నువ్వే కనిపెట్టు" అంటే అతను కనిపెట్టేది తన అసమర్థతనే. బీజగణితం కొత్తగా నేర్చుకునేవారికి వరుసగా లెక్కలు ఇచ్చి చేయమనడం కంటే, చేసి ఉన్న లెక్కలను కొన్ని చదివించి తర్వాత చేయిస్తే తక్కువ సమయంలో బాగా నేర్చుకుంటారని జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ 1985లోనే చూపించారు. నేను కూడా కొత్త పాఠానికి ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను. రెండో లెక్కలో చివరి రెండు లైన్లు ఖాళీగా వదులుతాను. మూడోదానిలో మొదటి లైను మాత్రం రాసి పెన్సిల్ ఇచ్చేస్తాను. నాలుగోది మొత్తం వాళ్లదే. చేయి పట్టుకోవడం తప్పు కాదు, ఎప్పుడు వదలాలో చూసుకోకపోవడం తప్పు. ఎక్కడ వదలాలన్నది పుస్తకం చెప్పదు, ఎదురుగా ఉన్న ముఖం చెబుతుంది. ఒకే పాఠంలో ఒకరికి రెండో లెక్క దగ్గరే వదిలేయవచ్చు, ఇంకొకరికి ఆరో లెక్క దాకా పక్కన ఉండాలి.

మొదటి రోజు నేను పాఠం చెప్పను. పది పన్నెండు చిన్న లెక్కలు ఇచ్చి, వాటిని చేస్తున్నప్పుడు ఏమనుకుంటున్నారో పైకి చెప్పమంటాను. ఆ లెక్కలు ఇప్పటి తరగతివి కావు, నాలుగైదేళ్ల కిందటి తరగతుల నుంచి మొదలై పైకి వస్తాయి. లెక్కల్లో వెనకబడిన పిల్లలు చాలామంది ఇప్పటి పాఠంలో వెనకబడినవారు కారు. ఎప్పుడో ఒక ఇటుక జారిపోయింది, దాని మీద గోడ కడుతూనే వచ్చారు. సమీకరణాలు రావడం లేదని వచ్చిన ఒక అమ్మాయిని 12 నుంచి (5 − 3) తీసేయమంటే 4 అని రాసింది. బ్రాకెట్ ముందున్న తీసివేత గుర్తు లోపలి రెండో అంకెకు కూడా వర్తిస్తుందని ఆమెకు ఎవరూ పట్టి చూపలేదు. 12 లోంచి 5 తీసి, మళ్లీ 3 కూడా తీసేసింది. సమీకరణాల్లో ఆమె చేసే తప్పులన్నీ ఈ ఒక్క చోటి నుంచే పుట్టుకొస్తున్నాయి. బడిలో మూడేళ్లపాటు ఆమె పుస్తకంలో ఎర్ర సిరాతో ఇంటూ గుర్తులు పడ్డాయి. ఆ గుర్తులు తప్పు జరిగిందని చెప్పాయి గానీ, ఆ తప్పులన్నీ ఒక్కటేనని చెప్పలేదు. పిల్లల తప్పులు అజాగ్రత్త వల్ల వచ్చేవి కొన్ని ఉంటాయి, కాదనను. కానీ ఒకే రకం తప్పు మూడుసార్లు కనిపిస్తే దాని వెనక ఒక నమ్మకం ఉందని, ఆ నమ్మకం పిల్లల దృష్టిలో పూర్తిగా సమంజసమైనదని నేను అనుకుంటాను. దాన్ని వెతికి పట్టుకోవడమే నా పనిలో పెద్ద భాగం.

అలా వెనక్కి వెళ్లినప్పుడు పిల్లల అభిమానం దెబ్బతింటుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ఐదో తరగతి లెక్క ఇవ్వడం చిన్న విషయం కాదు. అందుకే ఆ లెక్కను ఐదో తరగతి లెక్కగా ఇవ్వను. "సమీకరణంలో ఈ లైను దగ్గర ఏం జరుగుతోందో చిన్న అంకెలతో చూద్దాం" అని, ఇప్పటి పాఠంలోంచే దారి తీసి అక్కడికి వెళ్లి, మళ్లీ ఇప్పటి పాఠానికే తిరిగి వస్తాను. తాను కిందికి దిగినట్టు ఆ పిల్లకు అనిపించకూడదు.

ఇక పొగడ్తల సంగతి, బహుమతుల సంగతి. తల్లిదండ్రులతో నాకు ఎక్కువగా అభిప్రాయభేదం వచ్చేది ఇక్కడే. మార్కులు వస్తే ఫలానాది కొనిస్తామని చెప్పడం చాలా ఇళ్లలో మామూలు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చిన్నపిల్లల బడిలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు మిగిలినవారితో పోలిస్తే సగం సమయమే బొమ్మల దగ్గర గడిపారు. అంతకు ముందు తమ ఇష్టంతో చేసిన పని, బహుమతి కోసం చేసే పనిగా మారిపోయింది. దీన్నిబట్టి బహుమతి ఎప్పుడూ చెడుపే చేస్తుందని తేల్చేయను, ఏ ఇష్టమూ లేనిచోట అది మొదటి అడుగు వేయించవచ్చు. అయితే ఇష్టం మొలకెత్తుతున్న చోట బహుమతి పెట్టడం, మొలక మీద బండ పెట్టడం లాంటిది.

పొగడ్త ఇంకా సూక్ష్మమైనది. క్లాడియా ముల్లర్, కారొల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, మొదట ఇచ్చిన పజిళ్లు బాగా చేసిన పిల్లల్లో కొందరిని "నువ్వు తెలివైనదానివి" అని, కొందరిని "కష్టపడి చేశావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కఠినమైనవి ఇస్తే, తెలివైనవారని అనిపించుకున్నవారే త్వరగా డీలా పడ్డారు, ఆ పైన ఇచ్చిన తేలిక పజిళ్లలో కూడా వెనకబడ్డారు. ఈ పరిశోధన పేరు చెప్పి ఆ తర్వాత పిల్లలకు "కష్టపడితే మెదడు పెరుగుతుంది" అంటూ ఉపన్యాసాలివ్వడం ఒక ఒరవడిగా మారింది. అలాంటి ఉపన్యాసాల ఫలితాలను 2018లో అందరివీ కలిపి చూసినప్పుడు చదువు మీద వాటి ప్రభావం సగటున చాలా స్వల్పమని తేలింది. నాకు అందులో ఆశ్చర్యం కనిపించలేదు. కష్టపడితే వస్తుందని వందసార్లు విన్నా, కష్టపడ్డా రాలేదన్న అనుభవం ఒక్కటి చాలు ఆ మాటలన్నిటినీ కొట్టేయడానికి. నేను పొగడ్తకు బదులు చూసిందాన్ని చెబుతాను. "ఈ లెక్కలో మూడో లైను కొట్టేసి మళ్లీ రాశావు. తప్పు నువ్వే పట్టుకున్నావు." అందులో మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. కానీ పిల్లవాడు ఆ లైను వైపు చూసే చూపు చూడాలి.

భయం పని చేస్తుంది కదా అని కొందరు అడుగుతారు. పని చేస్తుంది. పరీక్షకు వారం ముందు, కొట్టినపిండిలా వచ్చిన పాఠాన్ని మరోసారి తిప్పించడానికి భయం బాగానే పనికొస్తుంది. కానీ తెలియని పాఠాన్ని నేర్చుకోవాలంటే తప్పు చేయాలి, తప్పు పైకి చెప్పాలి, ఎదుటివారి ముందు దాన్ని విప్పి చూసుకోవాలి. భయపడిన పిల్లవాడు మొట్టమొదట ఆపేసేది అదే. తప్పులు దాచేస్తాడు, గైడు చూసి రాసేస్తాడు, అర్థమైందని చెప్పేస్తాడు. నాకు కనిపించని తప్పును నేను దిద్దలేను. పక్కింటి పిల్లతోనో, అన్నతోనో పోల్చడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. పోల్చిన మరుక్షణం పిల్లవాడి ధ్యాస లెక్క మీద నుంచి తన మీదికి మళ్లుతుంది. ఒక సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. శ్రద్ధ లేదని నా దగ్గరికి తెచ్చిన పిల్లల్లో కొందరికి కావలసింది నిద్ర మాత్రమే. రాత్రి చాలా పొద్దుపోయాక పడుకుని, తెల్లవారకముందే లేచి, సాయంత్రం నా ఎదుట కళ్లు మూతలు పడుతూ కూర్చునే పిల్లకు ఏ బోధనా పద్ధతీ పనికిరాదు. అలాంటి ఇళ్లలో నేను ముందుగా నా గంటనే తగ్గించమని చెప్పాను.

మరచిపోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంటుందని, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికి 2006లో చూపించారు. నా ప్రతి పాఠం పుస్తకాలు తెరవకముందు పాతవాటిలోంచి ఐదు ప్రశ్నలతో మొదలవుతుంది. ఆ ఐదూ ఒకే రకానివి కాకుండా చూస్తాను. డగ్ రోహ్రర్, కెల్లీ టేలర్ 2007లో నాలుగు రకాల ఆకారాల ఘనపరిమాణాలు నేర్పినప్పుడు, ఒక్కో రకాన్నీ వరుసగా సాధన చేసినవారు సాధనలో 89 శాతం సరిగా చేశారు, కలగలిపి చేసినవారు 60 శాతమే చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివారికి 20 శాతం వచ్చింది, రెండోవారికి 63 వచ్చింది. ఈ అంకెలు తల్లిదండ్రులకు తప్పకుండా చెబుతాను, ఎందుకంటే నా పద్ధతిలో మొదటి నెల నోటుపుస్తకాలు అందంగా ఉండవు. కొట్టివేతలు, తప్పులు, సగంలో ఆగిన లెక్కలు కనిపిస్తాయి. దాన్ని చూసి కంగారు పడటం సహజం.

ఈ కంగారు వల్లనే మా వృత్తిలో ఒక పెద్ద తప్పు రోజూ జరుగుతోంది. నేను కొంతకాలం ఒక ట్యూషన్ కేంద్రంలో పని చేశాను. అక్కడ సాయంత్రానికి హోంవర్కు పూర్తయిందా లేదా అన్నదే కొలబద్ద. ఇరవైమంది పిల్లలు, ఒకటిన్నర గంట, ఐదు సబ్జెక్టులు. బోర్డు మీద జవాబులు రాస్తాం, పిల్లలు ఎక్కించుకుంటారు, పుస్తకాలు నిండుతాయి, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఒక పిల్లవాడి దగ్గర కూర్చుని "ఇది ఎందుకలా రాశావు" అని అడిగితే, మిగిలిన పుస్తకాలు నిండవు. నేను అలా అడగడం వల్ల పని నెమ్మదిస్తోందని నన్ను రెండుసార్లు హెచ్చరించారు. మూడోసారికి నేనే మానేశాను. అక్కడ పని చేసిన తోటివారు చెడ్డ ఉపాధ్యాయులని నేను అనను, వారిలో నాకంటే బాగా తెలిసినవారు ఉన్నారు. నిండిన పుస్తకాన్ని చదువుగా చూడటం మొదలుపెట్టాక, ఎంత మంచి ఉపాధ్యాయుడైనా పుస్తకాలు నింపేవాడిగానే మిగులుతాడు. పిల్లలేమో తమ హోంవర్కు తాము చేయలేమని, దానికి ఒక కేంద్రం కావాలని నేర్చుకుంటారు. ప్రైవేటు వల్ల కలిగే నష్టాల్లో అన్నిటికంటే లోతైనది అదే.

అందుకని నేను ఏ పిల్లవాడిని తీసుకున్నా మొదటి రోజే తల్లిదండ్రులతో మానేసే రోజు గురించి మాట్లాడతాను. కొందరు నొచ్చుకుంటారు, కొందరు నమ్మరు. వారానికి నాలుగు రోజులతో మొదలుపెడితే, కొన్ని నెలలకు రెండు రోజులు, ఆ తర్వాత ఒక్క రోజు అని చెబుతాను. అన్నిసార్లూ అలా జరగదు. ఒక అబ్బాయితో మూడేళ్లు కూర్చున్నాను, చివరికి కూడా అతనికి లెక్కలంటే ఇష్టం పుట్టలేదు, గట్టెక్కాడు, అంతే. అతని విషయంలో ఎక్కడో నాకు దొరకని ఇటుక ఒకటి ఉండిపోయిందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

వారానికి ఒక్క రోజు దాకా వచ్చినవారితో ఆఖరి పాఠాలు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. కిందటి నెల, భిన్నాల దగ్గర మొదలుపెట్టిన ఆ అబ్బాయి వచ్చి కూర్చుని, వారమంతా తనకు అడ్డుపడిన లెక్కలను ఒక కాగితం మీద వరుసగా రాసుకొచ్చినవి ముందు పెట్టుకున్నాడు. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. నేను కాస్త ముందుకు వంగాను. అతను తల ఎత్తకుండానే ఎడమ చేత్తో కాగితాన్ని తన వైపు లాక్కుని, "ఉండండి టీచర్, చెప్పొద్దు" అన్నాడు. నేను వెనక్కి జరిగి కూర్చున్నాను.